యోబె ఎడమ చెవి

అడవిలో జనాన్ని కాలినడకన తిప్పే గైడుకి భయం ఉండదనుకుంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళెవరో గానీ, మా లువాంగ్వా లోయలో జూన్ నెల గడ్డిలో ఒక్కపూటైనా నడిచి ఉండరు. నాకు భయం. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, పదకొండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను. అరచేతులు తడిసిపోతాయి, నోరు పిడచకట్టుకుపోతుంది, అతిథులు వెనక నుంచి ఏదో పిట్ట పేరు అడిగితే జవాబు చెప్పడానికి రెండుసార్లు గుటక వెయ్యాలి. ఆ భయానికి నా దగ్గర ఒకటే మందు ఉండేది. నా ముందు నడిచే స్కౌట్ యోబె చులు వీపు.

నడకలో వరస మారదు. తుపాకీతో వన్యప్రాణి శాఖ స్కౌట్ ముందు, అతని వెనక గైడు, ఆ వెనక అతిథులు, అందరికంటే చివర టీ పెట్టె మోసే మనిషి. యోబె నాకు ఎనిమిది అడుగుల ముందుండేవాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, గట్టిగా ఉండేవాడు. అతని ఖాకీ చొక్కా వీపు మీద చిరిగిన చోట భార్య ఎస్నాతి నీలి దారంతో కుట్టింది. ఖాకీ దారం దొరకలేదా అని నేను ఏడిపించేదాన్ని. ఏదైనా చప్పుడు వింటే అతని చెయ్యి లేవకముందే భుజాల ఎముకలు రెండూ దగ్గరకొచ్చేవి, ఆ నీలి కుట్టు ముడతపడేది. నేను చూసేది దాన్నే. కుట్టు సాఫీగా ఉన్నంతసేపూ నా గుండె కూడా కుదురుగా ఉండేది.

నేను ఏనుగు వంశపు మనిషిని, అతను పుట్ట వంశం. మా లోయలో ఈ రెండు వంశాలకీ పరాచికాల వరస. పుట్టవాళ్ళని ఏనుగులు ఎంత మాటైనా అనొచ్చు, ఏనుగుల్ని పుట్టలూ అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడు నలుగురిలో పలుచనైపోతాడు. ఒక వంశంలో మనిషి పోతే గొయ్యి తవ్వాల్సిందీ, ఏడుస్తున్నవాళ్ళని నవ్వించాల్సిందీ రెండో వంశంవాళ్ళే. ఇంకెవరైనా అంత పెద్దవాడిని నేను మోకాలు వంచి పలకరించాలి. యోబెని మాత్రం పొద్దున లేస్తూనే, “ఇంకా కూలిపోలేదా ముసలి పుట్టా?” అని అడిగేదాన్ని. “నీ శవానికి నవ్వు రప్పించకుండా ఎట్లా పోతానే ఏనుగా?” అనేవాడు.

ఆ ఏడు మొదటిసారి ఐదు రోజుల నడకకి పథకం వేసే పని మకాం యజమాని నాకు అప్పగించాడు. ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ టీ, ఎక్కడ మకాం, అన్నీ నా ఇష్టమే. గురువారం నలుగురు అతిథులు దిగుతారు. ఒక ముసలి బడిపంతులుగారు, ఆయన భార్య, కూతురు, అల్లుడు. పంతులుగారికి మోకాలు నొప్పి అని ముందే రాశారు. సోమవారం మధ్యాహ్నం వంటపాక దగ్గర, సొరకాయలంత కాయలు వేలాడే ముజుంగుల చెట్టు కింద, ఖాళీ మొక్కజొన్నపిండి సంచి కాగితాన్ని విప్పి పరిచాను. బొగ్గుతో నది గీశాను, దాని పక్కన పాత నది వదిలేసిన మడుగు గీశాను. నాలుగు చిక్కుడు గింజలు అతిథులు. అగ్గిపుల్లలు రాత్రి మకాములు. నాకొక ఎండు మిరపకాయ పెట్టుకున్నాను.

“మరి నేనో?” అన్నాడు యోబె.

వేరుశనగ తొక్క ఒకటి తీసి మిరపకాయ ముందు పెట్టాను. “నీకిదే ఎక్కువ.”

వంటవాడు మసౌసో గరిట పట్టుకునే నవ్వాడు. నడకల్లో టీ పెట్టె మోసేది కూడా అతనే. అతనూ మా ఏనుగు వంశమే.

మొదటి రెండు రోజులూ పేచీ లేకుండా తేలిపోయాయి. మూడో రోజు దగ్గర నా బొగ్గు నదిని వదిలి, మడుగు వెనక ఉన్న పొదల మధ్య నుంచి నిటారుగా వెళ్ళింది. ఆ దారి నేను కనిపెట్టింది. నది ఒడ్డున ఇసకలో నాలుగు గంటలు పట్టే దూరం అటైతే గంటన్నర. పంతులుగారి మోకాలికి సుఖం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ దారి కుదిరితే మిగతా గైడ్లు దాన్ని జెలిపా దారి అంటారని నాకు లోపల ఆశగా ఉంది. నా పేరు జెలిపా.

“అటొద్దే,” అన్నాడు యోబె. “ఒడ్డునే పోదాం.”

“ముసలాయన మోకాలు?”

“నొప్పెడితే కూచుంటాడు. పొదల్లో అడవిదున్న తగిలితే కూచోడానికేం మిగలదు.”

“తుపాకీ నీ దగ్గరుంది, వణుకు కూడా నీకేనా?”

“తుపాకీ ఉందే. చెవి లేదు.” ఎడమ చెవి మీద వేలితో తట్టి చూపించాడు. “వానల్లో జ్వరమొచ్చింది చూడు, దాంతో ఇది పోయింది. ఈ పక్క నుంచి మీ ఏనుగుల గుంపు మొత్తం వచ్చినా నాకు తెలీదు.”

నేను పగలబడి నవ్వాను. “పుట్టకి చెవులెక్కడివయ్యా! ఇన్నాళ్ళూ ఉన్నాయనుకున్నావా?”

మసౌసో గరిటతో కుండ మీద దరువేశాడు. యోబె కూడా నవ్వాడు, నవ్వక తప్పదు కదా. “మీకున్నాయిగా చేటలంతేసి చెవులు,” అన్నాడు. “ఇద్దరికీ చాలవా?”

బొగ్గు గీత పొదల్లోనే ఉండిపోయింది.

మంగళవారం పొద్దున నీళ్ళ డబ్బాలు కడుగుతున్నాం. యోబె నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “జెలిపా, నిజంగానే చెప్తున్నా,” అన్నాడు. అతను నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ లేదు. అప్పుడే అనుమానం రావాలి. కానీ ‘నిజంగానే చెప్తున్నా’ అనేది అతని పాత ఎత్తు. కిందటేడు సరిగ్గా ఇదే మొహంతో ఇదే మాట చెప్పి, నా బూటులో తేలుందన్నాడు. ఆరుగురు అతిథుల ముందు బూట్లు విసిరేసి ఒంటికాలి మీద గెంతాను. నెల్లాళ్ళు ఆ కథ నది ఆ ఒడ్డు దాకా చెప్పుకున్నారు. ఈసారి చిక్కకూడదనుకున్నాను.

“ఏది, ఏ చెవి?” అని అతని ఎడమ పక్కకి వెళ్ళి, “పుట్టలో పాముందా?” అని గుసగుసగా అడిగాను. అతను తల తిప్పి నా పెదాలకేసి చూశాడు. భలే నటిస్తున్నాడనుకున్నాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ సైకిల్ పట్టుకుని మళ్ళీ ఆగాడు. మర్నాడు పొద్దున ఇద్దరమే ఆ దారి నడిచి చూసుకోవాలి. అతిథులు రాకముందు ప్రతి దారీ అలా ఒకసారి నడవడం మా పద్ధతి.

“రేపు పొదల్లోకే అంటావు.”

“పొదల్లోకే.”

“అట్లాగైతే ఎడమ పక్క నువ్వు చూసుకో. నేను కుడి చూసుకుంటా.”

“సరేలే ముసలి పుట్టా. నీ ఎడమా నేనే, నీ కుడీ నేనే, నీ గొయ్యి తవ్వేదీ నేనే,” అన్నాను.

తల ఊపాడు. ఏదో బరువు దించుకున్నవాడిలా సైకిలెక్కి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దు పొడిచీ పొడవకముందే బయల్దేరాం. ఆ ఏడు వానలు ఆలస్యంగా వెనక్కి తగ్గాయి, గడ్డి ఇంకా ఎవరూ కాల్చలేదు. నా తల మునిగేంత గడ్డి. మంచుకి చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ప్రతి అడుగూ ముందు ఏముందో చూడకుండా వెయ్యాల్సిందే. నా భయం నాతోపాటే లేచింది. ముందు నీలి కుట్టు కదులుతోంది, సాఫీగా, ముడత లేకుండా. దాన్నే చూస్తూ నడిచాను.

మడుగు దాటాక తడిమట్టిలో గిట్టల గుర్తు కనిపించింది. యోబె వంగి అంచులు వేలితో తడిమి ఒక వేలు ఎత్తి చూపించాడు. ఒంటి దున్న. మందని వదిలేసిన ముసలి దున్న కంటే చెడ్డది మా అడవిలో ఇంకోటి లేదు. సింహం వెళ్ళిపోతుంది, ఏనుగు బెదిరించి చూస్తుంది. ఒంటి దున్న బెదిరించదు. పడుకున్న చోటు నుంచే వస్తుంది. యోబె అరచెయ్యి వెనక్కి ఊపాడు, అంటే నిన్నటి గుర్తు అని. కళ్ళు అతనికి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. పొదల్లోకి దిగాం.

లోపల మాట ఉండదు. ఏదైనా చెప్పాలంటే నాలుక కొసతో సన్నగా ఒక ఈల, అంతే. రెండు పక్కలా ముళ్ళకొమ్మలు చెంపలకి తగులుతున్నాయి. పది అడుగులకి మించి కనిపించదు. ఎండ ఇంకా లోపలికి రాలేదు.

అప్పుడు వినిపించింది. ఎడమ పక్క, కొంచెం ముందుగా, గాజుపెంకుని రాయి మీద గీసినట్టు చిన్న కూత. దున్నల వీపు మీద పిడుదులు ఏరుకు తినే పిట్టలవి. ఆ పిట్టలు ఊరికే కూయవు. వాటి కింద దున్న ఉంటుంది.

కాలు ఆగిపోయింది. వెంటనే అతని వీపుకేసి చూశాను. కుట్టు సాఫీగా ఉంది. భుజాలు తేలిగ్గా ఊగుతున్నాయి. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న స్కౌట్ వినలేదంటే అది కూత కాదు, నా పిరికితనం చేసే చప్పుడు అని నాకు నేనే చెప్పుకున్నాను. నా చెవుల కంటే అతని వీపునే నమ్మాను. ఇంకో పది అడుగులు నడిచాం.

మళ్ళీ కూత, ఈసారి దగ్గరగా. దాని వెనకే వాసన. తడిసిన పశువు వాసన, పేడ, బురద. అతని వీపులో చలనం లేదు. నాలుక ఎండిపోయింది, తడి చేసుకుని అతని ఎడమ భుజం వైపుగా సన్నగా ఈల వేశాను. అతను తిరగలేదు. ఇంకోటి వేశాను. నడుస్తూనే ఉన్నాడు, సంతకెళ్ళేవాడిలా, నింపాదిగా.

అప్పుడు తెలిసింది. నిజంగానే చెప్పాడు.

మూడుసార్లు చెప్పాడు. పరాచికాల చుట్టం ఉండేది నవ్వుకోడానికే కాదు. పై అధికారికి చెప్పుకుంటే తుపాకీ పోతుంది, తోటివాళ్ళకి చెప్పుకుంటే పరువు పోతుంది. అలాంటి మాటని ఎవరికి చెప్పాలో మా పెద్దవాళ్ళు ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టారు. దాన్ని నవ్వులో చుట్టి పరాచికాల చుట్టం చెవిన వెయ్యాలి, ఆ చుట్టం చుట్టినదాన్ని విప్పి చూసుకోవాలి. నాకది చిన్నప్పటి నుంచీ తెలుసు. నవ్వు దగ్గరే ఆగిపోయాను.

ఎనిమిది అడుగులు. అరిస్తే దున్న లేస్తుంది. అరవకపోతే అతను దాని మీదకే నడుస్తాడు. ముందుకెళ్ళి భుజం పట్టుకోవాలి, అదొక్కటే దారి. ఎనిమిది అడుగులే. నా కాళ్ళు కదల్లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నా కాళ్ళు కదల్లేదు. మోకాళ్ళ కింద నుంచి నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. అతను తొమ్మిది, పది, పన్నెండు అడుగుల దూరం అయిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

పొద విరిగింది.

ఆ చప్పుడు అతని కుడి చెవికి అందింది. ఒక్క చెవితో విన్నవాడికి చప్పుడు ఎటు నుంచి వచ్చిందో తెలియదు. వినపడిన పక్కకే తిరుగుతాడు. యోబె కుడి పక్కకి తిరిగి, కుడి పక్క పొదల మీద తుపాకీ గురిపెట్టాడు. “ఎడమ! ఎడమ!” అని అరిచాను. నా గొంతు విని నా వైపు చూశాడు. ఆ మొహంలో భయం లేదు, ‘ఎక్కడే?’ అన్న ప్రశ్న ఉంది. దున్న అతన్ని ఎడమ డొక్కలో పొడిచి ఎత్తింది. తుపాకీ ఆకాశంలోకి పేలింది. ఆ మోతకి దున్న పొదలు తొక్కుకుంటూ మడుగు వైపు పోయింది. ఇదంతా జరగడానికి నేను ఒక ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా పట్టలేదు.

అప్పుడు కదిలాయి నా కాళ్ళు.

నా నడుముకి కట్టుకున్న చితెంగె గుడ్డ విప్పి గాయంలో కుక్కాను. రెండు చేతులతో అదిమిపెట్టాను. రేడియోలో మకాముకి చెప్పాను, ఏం చెప్పానో తెలియదు. అతని మొహం బూడిదరంగుకి మారుతోంది. వంగి అతని కుడి చెవి దగ్గర పేరు పెట్టి పిలిచాను.

“ఎటు నుంచొచ్చిందే?” అని అడిగాడు.

“ఎడమ నుంచి.”

“ఆఁ,” అన్నాడు. తిట్టినా బాగుండేది. బండి రావడానికి గంట పట్టింది. నది దాటే పంటు దగ్గరికి చేరేసరికి అతను లేడు.

అతిథుల్ని యజమాని వేరే మకాముకి పంపేశాడు. శాఖ తరఫున ఇద్దరొచ్చి అడిగితే దున్న ఎడమ పక్క నుంచి వచ్చిందన్నాను. రాసుకుని వెళ్ళిపోయారు.

అతని ఊళ్ళో శనివారం పాతిపెట్టారు. నాకు దున్న కంటే ఆ శనివారమంటేనే ఎక్కువ భయం వేసింది. గొయ్యి తవ్వింది మా ఏనుగు మగవాళ్ళే. పద్ధతి ప్రకారం నవ్వులాట మొదలైంది. మసౌసో చచ్చిపోయిన మనిషి బూట్లు తొడుక్కుని, కర్రని తుపాకీలా భుజాన వేసుకుని, సరిగ్గా యోబెలాగే మెడ చాచి నడుస్తూ వచ్చాడు. “పుట్టలన్నీ లెక్కకి రండి, మీ పెద్ద పుట్ట ఇవాళ పారిపోతోంది,” అన్నాడు. ఆడవాళ్ళు ఏడుపులోనే నవ్వారు. తర్వాత అందరూ నాకేసి తిరిగారు. చివరిరోజు పక్కనున్న ఏనుగుని నేనే, నా వంతు పెద్దది.

గొయ్యి అంచుకి వెళ్ళి నిలబడ్డాను. నవ్వించే మాట ఒక్కటి కూడా నోటికి రాలేదు. నిజమే వచ్చింది.

“ఈయనకి ఎడమ చెవి వినపడదు,” అన్నాను. “నాకు చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. పుట్టకి చెవులెక్కడివని నేను నవ్వాను.”

జనం గొల్లుమన్నారు. పుట్టవాళ్ళ ముసలావిడ ఒకామె తొడ చరుచుకుంది. “పుట్టకి చెవులు!” అంటూ పక్కవాళ్ళకి చెప్పింది.

“నేను నవ్వులాట ఆడట్లేదు,” అన్నాను. “నిజంగానే చెప్తున్నా.”

ఇంకా నవ్వారు. నా గొంతు నాకే యోబె గొంతులా వినిపించింది. ఇంకేం చెయ్యాలో తెలియక గొయ్యిలోకి దిగి వెల్లకిలా పడుకున్నాను. “ఈ చోటు నాది,” అన్నాను. “ఈయన్ని లేపండి, నన్ను పూడ్చండి.” పరాచికాల చుట్టాలు గొయ్యిలో పడుకుని దబాయించడం మామూలే. మసౌసో, ఇంకో ఇద్దరూ నవ్వుతూ చేతులు పట్టి పైకి లాగారు. ఏనుగు భలే నవ్వించిందని మెచ్చుకున్నారు. మట్టి దులుపుకుంటూ తలెత్తితే, అంతమందిలో నవ్వని మొహం ఒకటే కనిపించింది. ఎస్నాతి.

పూడ్చడం అయ్యాక అందరూ చేతులు కడుక్కుని పళ్ళేల చుట్టూ కూర్చున్నారు. ఎస్నాతి తలమీద గుడ్డ కప్పుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. పక్కన నేల మీద కూర్చుంది. నాకు పారిపోవాలనిపించింది, ఈసారీ కాళ్ళు కదల్లేదు.

“నీకు చెప్పానన్నాడు,” అంది.

“చెప్పాడత్తా. నేను నమ్మలేదు.”

ఆవిడ ఆ మాట విననట్టే ఉంది. ఎన్‌షిమా సంకటి ముద్ద ఒకటి తుంచి, అలాగే చేతిలో పట్టుకుంది.

“మంగళారం సాయంత్రం ఇంటికొచ్చి పళ్ళెం ఊడ్చి తిన్నాడమ్మా. వానలయ్యాక అంత కడుపు నిండా తినడం అదే మొదలు. జ్వరం తగ్గిన కాడ్నించీ రోజూ రాత్రి ఉలిక్కిపడి లేచేవాడు, ఎడమ పక్క ఏదో ఉందని. ఆ రోజు నవ్వుతా కూచున్నాడు. ఏంటయ్యా సంగతంటే, ‘జెలిపాతో చెప్పేశానే’ అన్నాడు. అదేమందని నేనడిగితే, ‘నవ్వింది. నవ్వుద్దిగా మరి, దాని వరసే అది. కానీ విందే. ఎడమ పక్క తను చూసుకుంటానంది’ అన్నాడు. ‘ఇంక నాకు భయం లేదు’ అని పడుకున్నాడు. తెల్లారేదాకా కదల్లేదు.”

ముద్ద నా అరచేతిలో పెట్టి, “తిను,” అంది.

అది ఇంకా వేడిగా ఉంది. పొదల్లో నాకు ఎనిమిది అడుగుల ముందు ఆ నీలి కుట్టు ముడత పడకుండా, నింపాదిగా కదలడం మళ్ళీ చూశాను. ఏ వీపుని చూసి నేను ధైర్యం తెచ్చుకున్నానో, ఆ వీపుకి ఆ ధైర్యం నేనిచ్చిందే.